చేరుట యనగానేమి?

ఉగాదికి ముందు దినములలో నల్లమల యడవిలోని కాలిబాట జనముతో నిండిపోవును. బెళగావి, బాగలకోట, విజయపుర, రాయచూరు ప్రాంతముల నుండి బయలుదేరిన కన్నడ భక్తులు అనేక దినములు నడచి, ఆత్మకూరు దాటి, వెంకటాపురము వద్ద అడవిలో ప్రవేశింతురు. నాగలూటి, పెద్దచెరువు గడచి, భీమునికొలను లోయలోనికి దిగి, మరల ఎక్కి కైలాసద్వారము చేరుదురు. శ్రీశైలమునకు 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి సోపానములు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా భావించు ఈ భక్తులకు కైలాసద్వారము పుట్టినింటివారు అడుగిడు వాకిలి వంటిది. అచ్చట నిలిచినవారి పాదములు బొబ్బలెక్కి యుండును. కొందరు మల్లయ్యను పిలిచి కేక వేయుదురు. కొందరు మాటలేక కూలబడుదురు. చేరితిమను భావము అందరి ముఖములందును కాననగును. ఈ చేరుట యనగానేమి యని శరణమార్గము ననుసరించువారు ఒకింత ఆలోచింపవలసియున్నది.

బసవేశ్వరుని బోధను నమ్మినవానికి దేవుడు దూరముగా లేడు. ఇష్టలింగము అనుదినము వక్షఃస్థలముననే యున్నది, దేహమే దేవాలయము. ఇంటినుండి బయలుదేరునప్పుడు ఎంత సమీపమున నుండెనో, కొండపై గర్భగుడి ముందును అంతే సమీపమున నున్నాడు. మరి వందల కిలోమీటర్ల నడక ఏ దూరమును తగ్గించినట్లు?

మనుష్యునికిని మనుష్యునికిని నడుమ నున్న దూరమును తగ్గించినది. ఊరిలో పేరుపొందిన ఆసామి బాటలో తన మూటను తానే మోయును. ఎవరో పోసిన మజ్జిగ త్రాగునప్పుడు పోసినవాని కులమడుగడు. బొబ్బలకు మందు పూయుటకు కూర్చున్న అపరిచితుని చేతిలో తన పాదముంచును. ఇచ్చుటకే అలవాటుపడిన చేయి పుచ్చుకొనుట నేర్చుకొనును. దాసోహము చేయుట కంటె, ఇతరులు చేయు దాసోహమును వినయముతో స్వీకరించుట కష్టమైనది. దప్పిగొన్నవానికి ఆ పాఠము ఒక్క పూటలో పట్టుబడును.

అయితే చేరిన క్షణముననే ఒక యాపద పొంచియుండును. దోర్నాల మీదుగా ఘాటురోడ్డున బస్సులలో వచ్చినవారును దర్శనపు వరుసలో నిలిచియుందురు. ‘ఇన్ని దినములు నడచినవాడను నేను, కూర్చుండి వచ్చిన వీరు నాకంటె ముందా?’ యను తలంపు మెల్లగా తలయెత్తును. త్రోవ పొడవున కరగిన అహంకారము గుడి వాకిట మరల గడ్డకట్టును. నడక బేరముగా మారును. నడువలేని ముదుసలి తల్లికి, సెలవు దొరకని కూలివానికి, అడవిలో యాత్రికులకు వండి వడ్డించుచు పండుగనాటికి కొండ చేరలేకపోయిన వంటవానికి అప్పుడేమి సమాధానము చెప్పవలెను? కాయకమునే కైలాసముగా నెంచిన మార్గములో ఆ వంటవాడు తన పొయ్యి కడనే గమ్యము చేరియున్నాడు.

12వ శతాబ్దమున అక్కమహాదేవి సర్వమును విడిచి కల్యాణమునకు నడచివచ్చిన కథ భక్తులకు తెలిసినదే. అనుభవమంటపమున అల్లమప్రభువు ఆమె ఎంత దూరము నడచివచ్చెనని చూడలేదు. దేహాభిమానము విడిచితివా యని నిశితముగా ప్రశ్నించెనని శరణుల కథలు చెప్పుచున్నవి. ఆమెయు పడిన శ్రమను అర్హతగా చూపక, అడిగినదానికి తడబడక బదులు పలికెను. ఆ పరీక్షకు నిలిచిన పిదపనే శరణుల సభ ఆమెను అక్కగా నాదరించినది. అటుపిమ్మట ఆమె శ్రీశైలమునకు సాగి కదళీవనమున ఐక్యమందెనని భక్తుల విశ్వాసము.

అట్లయిన నడువనే యక్కరలేదని కొందరు వాదింతురు. దేహమే దేవాలయమని ఇంటి అరుగుమీద కూర్చుండి పలుకుట సులభము. ఆ దేవాలయము ఎదుటివానియందును కలదని ఒప్పుకొనుటకు పలువురికి అడవిబాట కావలసివచ్చుచున్నది. కావున నడక వ్యర్థమని త్రోసిపుచ్చరాదు. దానిని ఇతరుల యెదుట యోగ్యతాపత్రముగా చాచినప్పుడే అది వ్యర్థమగును.

యాత్ర ఫలించినదో లేదో భక్తుడు ఇల్లు చేరిన పిదపనే తెలియును. పొలములో పనిచేయు కూలివాడు ఒకనాటి మధ్యాహ్నము వాకిట నిలిచి మంచినీరు అడుగును. అతనిని ఎచ్చట కూర్చుండబెట్టునో, ఏ పాత్రతో నీరిచ్చునో, అదియే పరీక్ష. అడవిలో ఎవరి చేతి మజ్జిగయైనను త్రాగినవాడు తన యింట వేరు గ్లాసు వెదకినచో, అతడు శ్రీశైలమును చూచెనే గాని చేరలేదు. ఆ కూలివానిని తన ప్రక్కనే కూర్చుండబెట్టి, తాను త్రాగు చెంబుతోనే నీరిచ్చినవాడు, కాలినడకన పోయినను, బస్సులో పోయినను, అసలు ఊరు కదలకున్నను, చేరినవాడే.