మర్యం, మేరీ: పేరు ఒక్కటే

విదేశాల్లో స్థిరపడిన మన కుటుంబాల్లో మర్యం అని పేరు పెట్టుకున్న ఆడపిల్ల బడికి వెళ్ళాక ‘మేరీ’ అయిపోవడం మామూలే. ‘మా అమ్మాయికి పరాయి పేరు అంటగట్టారు’ అని పెద్దలు బాధపడతారు. ఇటు మన ఊళ్ళలో మేరీ అనే సోదరి ఇస్లాం స్వీకరిస్తే, సాక్ష్యవచనం పలికిన మరుక్షణమే ఆమె పేరు మార్చాలని తొందరపెట్టేవారున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరును వదులుకోమనడం ఆ సోదరికి ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించారా? అసలు ఆ పేరు ఎవరిది?

ఇమ్రాన్ భార్య తన కడుపులోని బిడ్డను దైవసేవకు అంకితం చేస్తానని మొక్కుకుంది. ఆడబిడ్డ పుట్టింది. ఆమె ఆ బిడ్డకు మర్యం అని పేరు పెట్టి, బిడ్డనూ ఆమె సంతానాన్నీ షైతాను బారినుండి కాపాడమని అల్లాహ్‌ను వేడుకుంది. ఈ సంగతి ఆలి ఇమ్రాన్ సూరాలో ఉంది. దివ్యఖుర్‌ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక మహిళ హజ్రత్ మర్యం (అలైహిస్సలాం). ఆ పేరు 34 చోట్ల వస్తుంది. 98 ఆయతులున్న 19వ సూరాకు ఆమె పేరే ఉంది.

ఇంగ్లీషువారి మేరీ ఈ పేరే. హీబ్రూలో మిర్యాం, గ్రీకులో మరియం, మరియా. లాటిన్‌కు వచ్చేసరికి చివరి ‘మ్’ జారిపోయి మరియా మిగిలింది. ఫ్రెంచివారు మరీ అన్నారు, ఇంగ్లీషువారు మేరీ అన్నారు. వారి ఇళ్ళలో ముద్దుపేర్లయిన మాలీ, పాలీ కూడా దీని నుంచి పుట్టినవే. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 1880 నుండి 1946 వరకు ఏటా ఆడపిల్లలకు అత్యధికంగా పెట్టిన పేరు మేరీయే. 1947లో లిండా ముందుకొచ్చినా, 1953 నుండి 1961 వరకు మళ్ళీ మేరీదే మొదటి స్థానం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఇంగ్లీషు బైబిల్‌లో హజ్రత్ మూసా (అ) సోదరి మిరియం, హజ్రత్ ఈసా (అ) తల్లి మేరీ. తెలుగు బైబిల్‌లోనూ ఒకరు మిర్యాము, మరొకరు మరియ. చదివేవారు రెండు వేర్వేరు పేర్లనుకుంటారు. నిజానికి పేరు ఒక్కటే, మనుషులే వేరు. నజ్రాన్ క్రైస్తవులు హజ్రత్ ముగైరా (రజి)ని ఈ విషయమే నిలదీశారు. ఈసాకు ఎంతో పూర్వం జీవించిన హారూన్‌కు మర్యం సోదరి ఎలా అవుతుందని వారి ప్రశ్న. ఆయన తిరిగివచ్చి అడగగా, ఆ ప్రజలు తమ పూర్వపు ప్రవక్తల, సజ్జనుల పేర్లు పెట్టుకునేవారని దైవప్రవక్త (సఅసం) వివరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇక అర్థం విషయంలో భాషా పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. చేదు అని కొందరు, ప్రియమైనది అని కొందరు అంటారు. ఆరాధకురాలు అని చెప్పిన ఖుర్‌ఆన్ వ్యాఖ్యాతలున్నారు. పేర్ల పుస్తకంలో ‘చేదు’ అని చూసి బెంగపడనవసరం లేదు. మన పెద్దలు ఈ పేరు పెట్టింది నిఘంటువు చూసి కాదు, ఆ పుణ్యవతిని చూసి.

మరి పేరు మార్చాలా? దైవప్రవక్త (సఅసం) కొన్ని పేర్లు మార్చిన మాట నిజమే. అవిధేయురాలు అనే అర్థం గల ఆసియా పేరును జమీలాగా మార్చారు. (ఫిరౌను భార్య ఆసియా పేరు వేరు. తెలుగులో ఒకేలా రాస్తాం గాని అరబీలో అక్షరాలు వేరు.) తనను తాను పొగడుకున్నట్లుండే బర్రా పేరును జైనబ్‌గా మార్చారు. కారణం లేకుండా మార్చలేదు. ఈజిప్టు నుండి వచ్చిన హజ్రత్ మారియా ఖిబ్తియా (రజి) దైవప్రవక్త ఇంట చేరి, ఆయన కుమారుడు ఇబ్రాహీంకు తల్లి అయిన తర్వాత కూడా మారియాగానే ఉన్నారు. కాబట్టి మేరీ అనే సోదరి అదే పేరుతో కొనసాగవచ్చు. మర్యం అని పిలిపించుకోవాలనుకుంటే అదీ ఆమె ఇష్టం. మనం ఒత్తిడి చేయరాదు.

మీ అమ్మాయి సంగతి వేరు. ఆమె పేరు మర్యం. బడి రిజిస్టరులో అలాగే రాయించండి, ఎలా పలకాలో టీచరుకు మర్యాదగా చెప్పండి. స్నేహితురాళ్ళు మేరీ అంటే పిల్లను కోప్పడకండి. ఇంట్లో కూర్చోబెట్టుకుని ఇమ్రాన్ భార్య ప్రార్థన గురించి చెప్పండి. తోటి పిల్లలు అడిగినప్పుడు తన పేరు ఎక్కడిదో ఆమే చెప్పుకుంటుంది.