మేకు ఎత్తు

ధవళేశ్వరంలో ఏటిగట్టు మీది చెట్లకు ఫ్లెక్సీలు కొడతారు. ఎన్నికలవగానే ఫ్లెక్సీలు పోతాయి, మేకులు ఉండిపోతాయి. చెట్టుతో పాటు మేకు కూడా పైకి పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. చెట్టు పొడవు పెరిగేది కొసల్లోనే: కొమ్మ చివరి చిగురులో, వేరు చివర తొడుగు వెనకాల ఉండే కాసిని కణాల్లో. బళ్ళో విభాజ్య కణజాలం అని బట్టీ పట్టామే, అదే. మాను లావెక్కుతుంది తప్ప పైకి సాగదు. నాలుగడుగుల ఎత్తున కొట్టిన మేకు యాభై ఏళ్ళకీ నాలుగడుగుల ఎత్తునే ఉంటుంది. మహా అయితే బెరడు దాన్ని మింగేస్తుంది.

అందుకే ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతతో నాకు కొంచెం పేచీ. మాను వంగదు, నిజమే. కానీ ఎంత ముసలి చెట్టుకైనా కొసన మొన్న పుట్టిన లేత భాగం ఒకటుంటుంది, అది ఇవాళ్టికీ వెలుగు వైపు వంగుతుంది. పక్కనే కడియం నర్సరీల్లో సగం పని ఈ కొసలతోనే. తల తుంచితే అక్కడినుంచి కిందికి దిగే ఆక్సిన్ ఆగిపోతుంది, నిద్రపోతున్న పక్కమొగ్గలు లేస్తాయి, మొక్క గుబురవుతుంది. డార్విన్ అయితే 1880లో కొడుకు ఫ్రాన్సిస్ సాయంతో రాసిన పుస్తకంలో వేరు కొసని చిన్న జీవుల మెదడుతో పోల్చాడు. అందరికీ ఈ అదృష్టం లేదనుకోండి. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు. కొమ్ము పురుగు లోపలిదాకా తొలిచి ఆ మొగ్గని తినేస్తే చెట్టే పోతుంది.

మా మామయ్య ఒకాయన పెళ్ళైన కొత్తలోంచీ అత్తయ్యని కొట్టేవాడు. అరవై దాటాక మారాడు. నటన కాదు, నేను చూశాను. కూరలు తరుగుతాడు, మనవరాలికి జడ వేస్తాడు. ఆ పిల్లకి తెలిసిన తాతయ్య అంతా కొత్త చిగురే. “మారాడు కదా, ఇంకా ఎందుకు మనసులో పెట్టుకుంటావు?” అని అత్తయ్యని అందరూ అడుగుతారు. సామెతతో నేను పెట్టుకున్న పేచీ ప్రకారం ఆ గుంపులో నేనూ ఉండాలి. ఉండలేను. మార్పు వచ్చింది కొసన. అత్తయ్య బతికింది మేకు ఉన్న ఎత్తులో. పైన ఎన్ని ఆకులు వేసినా అది అక్కడే ఉంటుంది, దాని వైపు చూడకని చెప్పే హక్కు ఆ నీడలో కూర్చున్న మనకెక్కడిది?

ఆవిడ మాత్రం ఇంత దూరం ఆలోచించదు. “మారాడు. నేను కాదన్నానా? కాఫీ పెట్టి ఇస్తున్నానుగా” అంటుంది.