రెండో గేరులో దిగు

నర్సీపట్నం

అమ్మలూ,

నీకు చింతపల్లిలో పోస్టింగు వచ్చిందనీ, అక్కడ ఇల్లు తీసుకోకుండా ఇక్కణ్ణుంచే రోజూ వెళ్ళొస్తానన్నావనీ, అందుకోసం కారు కొంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. కొనుక్కో. నీ సంపాదన నీది. మీ అమ్మ ఎత్తుగా, పెద్దగా ఉండే బండి కొనమంటోంది. మీ నాన్న బస్సు పాసు తీసుకోమంటున్నాడు. నువ్వేమో ఐ20 ఎన్ లైన్ తప్ప మరొకటి కన్నెత్తి చూడనంటున్నావు. ఈ గొడవలో నాకు ఇవతలి సగమే వినబడుతోంది, ఆ సగమే చాలు. నీకు ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడతావు, నాకు సందివ్వవు. అందుకని కాగితం పట్టుకున్నాను. హైదరాబాద్‌లో ట్రైనింగు అయ్యేలోపు తీరిగ్గా చదువు.

శీతాకాలంలో నీ స్నేహితురాలి కారును లంబసింగి నుంచి నువ్వు దింపిన వీడియో పంపావు కదా, చూశాను. మంచు బాగుంది. స్టీరింగు మీద నీ చెయ్యి నిబ్బరంగా ఉంది. ఒకచోట మాత్రం నాకు నోట్లో కాఫీ గొంతు దిగలేదు. ఆ సంగతి తరవాత రాస్తాను.

ముందు, ఇంట్లో ఎవరూ అననిది నేనంటాను. నడపడానికి సరదాగా ఉండే బండే కావాలని నువ్వు పట్టుబట్టడంలో తప్పేమీ లేదు. ఆర్టీసీలో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా స్టీరింగు వదలనివాణ్ణి కనుక చెబుతున్నాను. నడపడమంటే ఇష్టం లేని మనిషి రోడ్డు మీద ఉంటేనే నాకు భయం. ఇష్టం ఉన్నవాడు బండి మాట వింటాడు. ఇంజను ఎక్కడ మూలుగుతోందో, ముందు చక్రం ఎక్కడ పట్టు వదలబోతోందో వాడికి ముందే తెలుస్తుంది. విసుగు పుట్టించే బండిలో రోజూ వెళ్ళొచ్చేవాడి కళ్ళు కాసేపటికి ఫోన్ మీదికి పోతాయి.

మన తెల్ల మారుతి నీకు గుర్తుండే ఉంటుంది. సెకండ్ హ్యాండులో కొన్న రోజున మీ నాయనమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందు సీట్లో కూర్చుని బలిఘట్టం గుడి దాకా పోనిమ్మంది. అంతవరకూ మనకి కారంటే అంబాసిడరే. అందులో కూర్చుంటే నులకమంచం మీద కూర్చున్నట్టుండేది, మలుపులో అందరం ఒకవైపు ఒరిగేవాళ్ళం. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభై హార్సు పవరు కూడా లేదు. కాని బండి మొత్తం బరువు ఏడువందల కిలోల లోపే. వేలితో తిప్పితే తిరిగేది, కాలు ఆనిస్తే ఆగేది. బస్సు దిగి ఇంటికొచ్చి, అలసిపోయి ఉండీ, ఏదో వంక పెట్టుకుని దాంట్లో అబీద్ సెంటర్ దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. మీ నాయనమ్మకి ఆ వంకలన్నీ తెలుసు. సరదా హార్సు పవరులో లేదని నాకు ఆ బండే చెప్పింది. తేలికైన బండి, సూటిగా పలికే స్టీరింగు, చేతికి చటుక్కున అందే గేరు, ఈ మూడూ ఉంటే నలభై కిలోమీటర్ల స్పీడులోనే మనసు నిండుతుంది.

నేను చేరిన కొత్తలో బస్సులకి పవర్ స్టీరింగు లేదు. కింది గేరు వెయ్యాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, మధ్యలో యాక్సిలరేటర్ని సరిగ్గా కావలసినంతే తట్టాలి. తక్కువైతే గేరు పళ్ళు కొరుక్కుంటాయి. ఎక్కువైతే బస్సు ఒక్క కుదుపు కుదిపి, వెనక ఎవరిదో కోళ్ళబుట్ట ముందుకొస్తుంది. కుదిరిందనుకో, గేరు చప్పుడే ఉండదు. డౌనూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఒక్కో మలుపులో ఆ పని చప్పుడు లేకుండా చేస్తే కండక్టరు వెనకనుంచి ఏదో ఒకటి అనేవాడు. పైవాళ్ళు ఇచ్చే సర్టిఫికెట్ కన్నా అది గొప్పగా ఉండేది.

ఆ రోడ్డు ఊరికే వచ్చింది కాదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళని ఘాట్ రోడ్డు పనికి తోలి, కూలి సరిగ్గా ఇవ్వకపోవడం సీతారామరాజు పితూరీకి దారితీసిన కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న మొదట దాడి జరిగింది చింతపల్లి పోలీస్ స్టేషను మీదే. నువ్వు రోజూ ఉద్యోగానికి వెళ్ళబోయే ఊరు అది. అంత ఖరీదు పెట్టి వేసిన రోడ్డు మీద కాస్త మర్యాదగా నడపాలని నాకెప్పుడూ అనిపించేది.

ఇక మీ చిన్నతాత సంగతి. నీకు ఊహ తెలిసేసరికే వాడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఎందుకని అడిగితే ఇంట్లో అందరూ ఒకటే చెబుతారు, ఘాట్‌లో జీపు బ్రేకులు ఫెయిలయ్యాయని. మీ నాన్నకి అప్పటికి తొమ్మిదో పదో ఏళ్ళు, వాడూ అదే నమ్మాడు. మీ చిన్నతాత పరువు పోకూడదని పెద్దవాళ్ళమంతా అలాగే అన్నాం. ఇప్పుడు వాడు లేడు, ఇక దాచి లాభం లేదు. బ్రేకులు ఫెయిలవలేదు.

1979లో చమురు ధరలు భగ్గుమన్నాయి. వాడు జీపు బాడుగకి తిప్పేవాడు. పైనుంచి చింతపండు, పసుపు, అడ్డాకులు కిందికి దించేవాడు. అప్పట్లో జీపులవాళ్ళు చాలామంది చేసే పనే వాడూ చేశాడు. దిగుడు మొదలవగానే గేరు తీసేసి, ఇంజను ఆపేసి, బండిని వాలుకి వదిలెయ్యడం. కిందికొచ్చేదాకా చుక్క పెట్రోలు ఖర్చు లేదు. ఆ రోజు నిండు లోడు, బస్తాల మీద ఒక మనిషి కూడా. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. గేరు తీసేస్తే ఆ బరువంతా మోసేది బ్రేకులే. డ్రమ్ములు కాలి, లైనింగు మాడిన వాసన వచ్చిందట. చక్రాల దగ్గర బ్రేకు ఆయిలు మరిగి ఆవిరైపోయింది. ఆవిరిని నొక్కితే అణుగుతుంది గాని చక్రాన్ని పట్టుకోదు. ఆసుపత్రిలో మంచం మీద వాడు నాతో అన్న మాట ఒక్కటే: "అన్నా, పెడలు మెత్తగా అయిపోయింది."

వాడికి కాలు సగం పనికి రాకుండా పోయింది. నాతవరం వైపు తాండవ కాలువ కింద మన రెండెకరాలు ఆ ఏడే అమ్మేశాం. బస్తాల మీద కూర్చున్న మనిషి ఇల్లు చేరలేదు. మీ నాయనమ్మ బతికినన్నాళ్ళూ ప్రతి సంక్రాంతికీ కొండ కింద ఒక ఇంటికి బియ్యమూ కొత్తబట్టలూ పంపించేది, చుట్టాలేమో అనుకుని ఉంటావు. చుట్టాలు కారు.

ఇప్పటివాళ్ళని చూస్తే మాకు ఇంత తెలిసీ ఏం లాభమనిపిస్తుంది. డిసెంబరు వస్తే చాలు, లంబసింగి దారిలో మలుపు నడుమ కారాపి ఫోటోలు. మంచులో హైబీమ్ వేసుకుని ఎదుటివాడి కళ్ళలో కొడతారు. నాలుగు ఇండికేటర్లూ టపటపలాడించుకుంటూ నడుపుతారు, ఎటు తిరుగుతాడో దేవుడికే తెలియాలి. కొండదారిలో దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలని రూలు పుస్తకంలోనే ఉంది. మా రోజుల్లో లారీవాడు కూడా పాటించేవాడు. ఇప్పుడు దిగేవాడిదే రాజ్యం. ఇంట్లో ముగ్గురుంటే ఏడు సీట్ల బండి, దాంట్లో టీవీ అంత తెర, ఏసీ తగ్గించాలన్నా దాన్నే పొడవాలి. ఆ తెరలో అన్నీ కనబడతాయి, బీఎన్ రోడ్డు మీద గుంత తప్ప. రోలుగుంట నుంచి ఇటు రావాలంటే వానాకాలంలో ఏది గుంతో ఏది రోడ్డో నాకే అర్థం కావడం లేదు. సరే, ఇది ఎన్నిసార్లు చెప్పుకున్నా తీరేది కాదు.

అసలు మాటకొస్తున్నాను. ఆ వీడియో చివర్లో, పెద్ద మలుపు దాటాక, నువ్వు గేరు న్యూట్రల్‌కి తోశావు. కెమెరా నీ చేతి మీద లేదు, అయినా నాకు తెలిసింది. ఇంజను చప్పుడు ఒక్కసారిగా ఐడ్లింగుకి పడిపోయింది, చెట్లు మాత్రం వెనక్కి ఇంకా వేగంగా పోతున్నాయి. పెట్రోలు మిగులుతుందని ఎవరో చెప్పి ఉంటారు. మిగలదు. ఇప్పటి ఇంజన్లు కార్బురేటరువి కావు. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే కంప్యూటరే పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది, వాలు బలానికి చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి అది పెట్రోలు తాగుతూనే ఉండాలి. ఇంజను కూడా ఆపేశావనుకో, బ్రేకుకి సాయం పోతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది. ఇక ఎప్పుడూ ఆ పని చెయ్యకు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. ఆ మలుపుల్లో అది చాలావరకు రెండో గేరే.

ఇక బండి. ఐ20 ఎన్ లైన్ మంచి బండే, కాదనను. 998 సీసీ టర్బో, 120 హార్సు పవరు, 172 న్యూటన్ మీటర్ల లాగుడు 1500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. లంబసింగి మూడు వేల అడుగుల ఎత్తులో ఉంది. గాలి పలచబడ్డ చోట మామూలు ఇంజను పదోవంతు దాకా బలం పోగొట్టుకుంటుంది, టర్బో అంత పోగొట్టుకోదు. ఎక్కేటప్పుడు నీ మాటే నెగ్గుతుంది. కాని దాని టైరు 195/55 ఆర్16. పక్కగోడ పదకొండు సెంటీమీటర్లు కూడా లేదు. గుంతలో పడితే రాయికీ రిమ్ముకీ మధ్య ఉండేది అదే. పైగా ఆ 120 హార్సు పవరు నువ్వెక్కడ వాడతావు? కాలు సగం నొక్కేసరికే మలుపొచ్చేస్తుంది.

నా ఓటు స్విఫ్టు మాన్యువల్‌కి. 82 హార్సు పవరు, బరువు 920 కిలోల చుట్టుపక్కల, మన మారుతిలాగే మూడు సిలిండర్లు. ఆరు ఎయిర్‌బ్యాగులూ, బండి జారకుండా పట్టే ఈఎస్‌పీ అన్ని మోడళ్ళకీ ఇస్తున్నారు. 185/65 ఆర్15 టైర్లున్న మోడలే తీసుకో. ఎక్కేటప్పుడు గేరు ఎక్కువసార్లు మార్చాల్సి వస్తుంది. నడపడం ఇష్టమన్నావు కదా, అది పని కాదు నీకు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు బండ్లకి జీఎస్టీ 18 శాతమే. రెండు బండ్లూ ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి పన్ను వంకతో ఏదీ ఎంచుకోకు. స్విఫ్టు కొంటే మిగిలే డబ్బు బ్యాంకులో వెయ్యి. నాలుగు టైర్లు అరిగే రోజు నువ్వనుకున్న దానికన్నా ముందే వస్తుంది.

కాదు, ఐ20యే కావాలంటే అదే కొను, కాని గేరు నీ చేతిలో ఉండేదే కొను. బస్సు వెనక అంగుళం అంగుళం ఎక్కేటప్పుడు రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ వేడెక్కిపోతుంది.

వైజాగ్‌లో షోరూము వాళ్ళు నున్నటి రోడ్డు మీద నడిపిస్తారు. అక్కడ అన్ని బండ్లూ బాగుంటాయి. గతుకుల రోడ్డు ఎక్కడుందో చూసి, రెండో గేరులో ముప్పై మీద నడుపు. క్లచ్ నేలకి తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. అద్దం పక్క స్తంభం కుడి మలుపుని ఎంత మూసేస్తోందో చూడు, తల కదిపితే కనబడకపోతే ఆ బండి వద్దు. సాయంత్రం చీకటి పడ్డాక హెడ్‌లైటు వేసి చూడు, నువ్వు ఇంటికొచ్చే వేళ అదే.

కొన్నాక బ్రేకు ఆయిలు రెండేళ్ళకోసారి తప్పకుండా మార్పించు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక 155కే మరగొచ్చు. సర్వీసువాడు ఇంకా బాగుందన్నా సరే మార్పించు. మీ చిన్నతాత పెడలు ఎందుకు మెత్తబడిందో నీకిప్పుడు తెలుసు. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. మంచులో లోబీమ్. ఫోన్ వెనక సీట్లో, బ్యాగులో.

మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. మీ నాన్న బస్సు పాసు గురించి ఇక ఎత్తడు. బండి వచ్చిన మొదటి ఆదివారం పైదాకా నువ్వే నడుపు, దింపేదీ నువ్వే. నేను పక్క సీట్లో కూర్చుంటాను. దిగుడులో గేరు తీశావా, అక్కడే దిగిపోయి చింతపల్లి బస్సెక్కి వచ్చేస్తాను.

ఇట్లు,
తాతయ్య