హాబీల గడిలో వంట

నా పెళ్ళి మాటలు మొదలైన రోజుల్లో మా పెద్దనాయిన బయోడేటా రాసిమ్మన్నాడు. అప్పటికి ఎం.ఏ. తెలుగు పూర్తయి పిహెచ్.డి. సీటు కోసం ఎదురుచూస్తున్నాను. పేరు, ఎత్తు, చదువు, తోబుట్టువుల వివరాలు అయ్యాక చివర హాబీలని ఒక గడి ఉంది. పుస్తకాలు చదవడం, పాత పాటలు వినడం అని రాసి అమ్మకు చదివి వినిపించాను.

"వంట రాయలే?" అంది అమ్మ.

"అది హాబీ ఎట్లయితదమ్మా?"

"ముందుగాల అదే రాయి బిడ్డా. వాళ్ళు చూసేది గదే."

రాశాను. ఆ కాగితం చేవెళ్ళ నుంచి వికారాబాద్ దాకా ఎన్ని ఇళ్ళు తిరిగిందో తెలియదు. చూడవచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా నేను ఏ పుస్తకాలు చదువుతానో అడగలేదు. వంట గురించి మాత్రం అందరూ అడిగారు. అప్పటికి నాకు అన్నం, పప్పు తప్ప ఏదీ సరిగ్గా రాదు. మాకు వచ్చిన అబ్బాయిల బయోడేటాల్లో క్రికెట్, సినిమాలు, ప్రయాణాలు హాబీలుగా ఉండేవి. రోజూ ఆఫీసుకు పోవడం నా హాబీ అని ఏ అబ్బాయీ రాసుకోలేదు. పెళ్ళయ్యాక నేను రోజూ చెయ్యబోయే పనిని మాత్రం నా సరదాగా నా చేతనే రాయించారు. రాయించింది అమ్మ. ఆమె జీవితంలో ఆ పనికి ఒక్కరోజు కూడా సెలవు దొరకలేదు.

ఒకే పని ఒకరికి హాబీ, ఇంకొకరికి చాకిరీ ఎట్లా అవుతుంది? ఆ తేడా పనిలో ఉందా, చేసే మనిషి మనసులో ఉందా, ఇంకెక్కడైనా ఉందా? పదేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

హాబీకి తెలుగులో అభిరుచి అని రాస్తాం. అందులో రుచి ఉంది గానీ అది పుస్తకాల మాట. మా వైపు ఇళ్ళల్లో వినిపించేది ఉర్దూ నుంచి వచ్చిన షౌకు. మా తాతకు పావురాల షౌకు ఉండేదని మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అదే మాట ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సోకు అయింది. "సోకులు పడుతున్నది" అంటే తిట్టు. మగవాడి ఇష్టానికి గౌరవం తెచ్చిన మాట ఆడదాని ఇష్టానికి మచ్చ తెచ్చింది. నాయిన గురువారం రాత్రుళ్ళు భజనకు పోయి తబలా వాయించేవాడు. నెలకోసారి భజన మా ఇంట్లోనే. ఇరవైమందికి రెండుసార్లు ఛాయ పెట్టేది అమ్మ. నాయిన వాయించినదాన్ని కళ అన్నారు. అమ్మ చేసినదానికి ఏ పేరూ పెట్టలేదు.

మాది చేవెళ్ళ దగ్గర పల్లె. హైదరాబాదుకు కూరగాయలు, ఆకుకూరలు, పూలు పంపే నేల. నా చిన్నప్పుడు అమ్మ తెల్లవారుజామున లేచి పాలకూర, కొత్తిమీర కట్టలు కట్టి, బండి ఎక్కించి, ఆ తర్వాత పొయ్యి ముట్టించేది. జొన్నరొట్టెలు, ఏదో ఒక కూర, మధ్యాహ్నానికి చేనుకు సద్ది. ఊరి ఆడవాళ్ళ కట్టలే పట్నం వంటిళ్ళకు చేరేవి. ఆ ఆడవాళ్ళు మాత్రం మిగిలిన ముదురు ఆకుతో తమ ఇంటి కూర వండుకునేవాళ్ళు.

హాబీ అంటే ఖాళీగా ఉన్నప్పుడు ఇష్టంగా చేసుకునే పని అని ఒకసారి అమ్మకు చెప్పాను. "ఖాళీగ ఉన్నప్పుడా?" అని నవ్వింది. మరి నీకు వంట ఇష్టమేనా అని అడిగాను.

"ఇష్టమున్ననాడు ఇష్టమే. లేనినాడు గూడ వండాలె గద."

"ఒక్కపూట వండకుంటే ఏమైతది?"

"ఏమైతది? అందరు నా మొకం జూస్తరు."

ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ బొంతలు కుడుతుంది. పాత చీరలు నాలుగైదు మడతలుగా పరిచి, అంచు నుంచి లోపలికి వరసలు కుట్టుకుంటూ పోతుంది. ఏ చీర ముక్క పైకి రావాలో చాలాసేపు చూసుకుంటుంది. ఒక్కో బొంత ఒక్కో ఏడాది పడుతుంది. ఇదెప్పటికయితదని అడిగితే, "ఎప్పుడైతె అప్పుడు. ఆపితె ఎవ్వరు అడగరు గద" అంది.

నాకు జవాబు అక్కడ దొరికింది. ఆపితే ఎవరూ అడగని పని హాబీ. ఆపితే అందరూ మన ముఖం చూసే పని చాకిరీ. పని బరువుకూ దాని మీది ఇష్టానికీ ఇందులో ప్రమేయం లేదు. బొంత కుట్టడం వంటకంటే తేలికేమీ కాదు, అమ్మ నడుము ఆ మాట చెబుతుంది. వంటంటే అమ్మకు అయిష్టమూ లేదు. తేడా ఉన్నది మానేసే హక్కులో.

హన్నా ఆరెంట్ 1958లో వచ్చిన 'ది హ్యూమన్ కండిషన్'లో శ్రమనూ, సృజించే పనినీ వేరుచేసింది. బతకడానికి చేసి, చేసిన వెంటనే ఖర్చయిపోయి, మళ్ళీ మొదలుపెట్టాల్సినది శ్రమ. ప్రపంచంలో నిలిచి ఉండే వస్తువును ఇచ్చేది పని. ఆ లెక్కన అన్నం శ్రమ, బొంత పని. చదివినప్పుడు నాకిది బాగా నచ్చింది. కానీ మా ఇంట్లో చలికాలం ఆ బొంత లేకపోతే గడవదు. రెండూ అవసరాలే. ఒకదానికి పూటపూటా గడువు ఉంది, తప్పితే నింద ఉంది. ఇంకోదానికి ఆ రెండూ లేవు. అమ్మ చూపించిన ఈ తేడా ఆరెంట్ విభజనలో నాకు కనిపించలేదు.

"ప్రేమతో చేస్తే అది చాకిరీ ఎందుకవుతుంది?" అని చాలామంది అడుగుతారు. ప్రేమ ఉంటుంది, కాదనను. నాకు జ్వరం వచ్చినప్పుడు అమ్మ కలిపిన పచ్చిపులుసు అన్నంలో ఉన్నది ప్రేమే. కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన చేతులు నొప్పి పుట్టకుండా ఉండవు. ప్రేమ పేరు చెప్పి ఆ నొప్పిని లెక్కలోంచి తీసేయడమే నా అభ్యంతరం.

నా పిహెచ్.డి.లో ఒక అధ్యాయం వంటింటి మీదే. విమల 'వంటిల్లు' కవిత, ఇల్లు చక్కబెట్టుకోవడంలో తన పేరే మర్చిపోయిన గృహిణి గురించి పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే' కథ, 1993 నాటి 'నీలిమేఘాలు' సంకలనం ముందేసుకుని రాశాను. నా కోపానికి భాష ఇచ్చినవి అవే. అయితే ఆ కోపంలో నేను మాలతీ చందూర్‌ని కొంచెం చిన్నచూపు చూశాను. 'హృదయనేత్రి' నవలకు సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న రచయిత్రి 'వంటలు-పిండివంటలు' ఎందుకు రాయాలి అనుకున్నాను. వంటను ఒక విద్యగా, కొలతలతో, క్రమంతో రాయడం ఆ పని చేసేవాళ్ళ తెలివిని గుర్తించడమే కదా అన్న ఆలోచన అప్పుడు రాలేదు. కాకపోతే వంటను ఎంత బాగా నేర్పే పుస్తకమైనా దాన్ని మానేసే హక్కు ఇవ్వదు.

ఆ అధ్యాయం రాస్తున్న మూడు నెలలూ అమ్మ హైదరాబాదులో నా అద్దె ఇంట్లో ఉండి వండిపెట్టింది. నేను గదిలో కూర్చుని వంటింటి రాజకీయాలు రాస్తుంటే పక్కగదిలో తిరగమోత చిటపటలాడేది. మధ్యమధ్య తలుపు దగ్గరికి వచ్చి, "అయిందా బిడ్డా?" అని అడిగేది. ఆ మూడు నెలలూ ఊళ్ళో నాయినకు ఎవరు వండారో నేను అడగలేదు. మా చిన్నమ్మ వండిందట. తత్వచింతనకు తీరిక కావాలన్నాడు అరిస్టాటిల్. బానిసలూ ఇంటి ఆడవాళ్ళూ చేసే పని మీద ఆ తీరిక నిలబడిందని మనం ఆయన్ని విమర్శిస్తాం. నా తీరిక ఎవరి మీద నిలబడిందో నా సిద్ధాంత గ్రంథం కృతజ్ఞతల పేజీలో ఒక్క వాక్యంగా ఉంది.

ఇంటిపనిని లెక్కించే ప్రయత్నాలు జరిగాయి. కేంద్ర గణాంక శాఖ 2019లోనూ 2024లోనూ సమయ వినియోగ సర్వేలు చేసింది. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా ఒక్కో అరగంటలో మనిషి ఏం చేసిందీ అడిగి రాసుకుంటారు. ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెట్టారు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టింది 97. 2024లో ఆ అంకెలు 289, 88. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్ళకూ తొమ్మిది తగ్గాయి.

2021 జనవరిలో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఢిల్లీ దంపతుల కేసులో తీర్పు ఇస్తూ, గృహిణి శ్రమకు విలువ కట్టాల్సిందేనంది. జస్టిస్ ఎన్.వి. రమణ రాసిన విడి అభిప్రాయంలో 2019 సర్వే అంకెలు ఉన్నాయి. మంచి తీర్పు. కానీ అది నష్టపరిహారం కేసు. ఆమె బతికి ఉండి వండినన్నాళ్ళూ ఎవరూ కట్టని విలువను చనిపోయాక కట్టాల్సి వచ్చింది. వంట ఆగిపోయాక గానీ అది పని అని తెలియలేదు.

చేవెళ్ళ నుంచి హైదరాబాదుకు వస్తుంటే దారిలో మొయినాబాద్. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. ఆ ఆంక్షలు ఉండగానే ఈ పొలాల్లో ఫామ్‌హౌసులు లేచాయి. 2022లో 69వ నంబరు జీవో ఆంక్షలను సడలించింది. కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం నా సహచరుడి స్నేహితుడు మమ్మల్ని మొయినాబాద్ దగ్గరి తన ఫామ్‌హౌసుకు పిలిచాడు. పచ్చగడ్డి మధ్య బొగ్గుల పొయ్యి. ఆతిథేయి ఆప్రాన్ కట్టుకుని మటన్ కాలుస్తూ, "వంట నా హాబీ అండీ, వీకెండ్ మా ఆవిడకి రెస్ట్" అన్నాడు. అందరం మెచ్చుకున్నాం. మటన్ నిజంగానే బాగుంది.

నేను చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళితే తోటమాలి భార్య అక్కడ ఉంది. పొద్దున్నే ఉల్లిగడ్డలు, వెల్లుల్లి ఒలిచింది, మసాలా నూరింది, బొగ్గులు మోసింది. ఇప్పుడు బోళ్ళు తోముతోంది. "మీ పిల్లలు తిన్నరా?" అని అడిగాను. "ఇది అయినంక పోయి వండాలె మేడం" అంది. ముందర వంట హాబీ, వెనక వంట చాకిరీ. మధ్యలో ఒక గోడ. ఆయన భార్యకు దొరికిన విశ్రాంతిని నేను తప్పుపట్టను. కానీ ఆయన మానేసింది ఏదీ లేదు. మానేయగలిగిన భాగం తను ఉంచుకుని, మానేయలేని భాగం ఆమె చేతికిచ్చాడు. మగవాళ్ళు వంటింట్లోకి రావాలని మనం ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. వచ్చాక బోళ్ళ దాకా వచ్చారా లేదా అన్నది చూడాలి.

మరి అందరికీ మానేసే హక్కు ఉంటే వండేదెవరు? నా వాదానికి ఇది అసలైన చిక్కు. ఎవరో ఒకరు వండాలి. దీనికి నాకు తెలిసిన జవాబు సంక్రాంతి సకినాల దగ్గర ఉంది. పండుగ ముందు మా వాకిట్లో నాలుగిళ్ళ ఆడవాళ్ళు కూర్చుంటారు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద సకినాలు చుడతారు. ఎవరి చుట్టు సన్నగా వచ్చిందని ఎగతాళి, పాటలు, కోడళ్ళ మీద ఫిర్యాదులు. అదీ తప్పనిసరి పనే, మానడానికి లేదు. అయినా ఆ రోజు అమ్మ ముఖం వేరుగా ఉంటుంది. చాలాకాలం అది పండుగ కళ అనుకున్నాను. తర్వాత గమనించాను. నడుము నొప్పెట్టి ఒకామె లేస్తే ఆమె పిండి ఇంకొకామె అందుకుంటుంది. లేచినామె ముఖం ఎవరూ చూడరు. ఒకరి చేతి పని ఇంకొకరు అందుకునే చోట తప్పనిసరి పనిలో కూడా మనిషికి మానేసే హక్కు ఉంటుంది. అయితే ఆ వాకిట్లో మగవాళ్ళు లేరన్నది మర్చిపోకూడదు. వాళ్ళు సకినాలు కాలాక వస్తారు.

ఇదంతా ఆలోచించి రాసుకున్నాక, మొన్న ఎండాకాలం, మా ఇంట్లో పనిచేసే ఆమె ఆదివారాలు సెలవు కావాలంది. ఆరేళ్ళుగా వస్తోంది. ఎప్పుడూ అడగలేదు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. నా మనసులోకి మొదట వచ్చిన మాట "మరి బోళ్ళు?" అన్నదే. నాకు తెలియకుండానే ఆమె ముఖం చూశాను. ఊళ్ళో అందరూ అమ్మ ముఖం చూసినట్టే.

ఆమె కంగారుపడి, "పొద్దున ఒక్కసారి వచ్చి పోతలే అమ్మా" అంది. వద్దన్నాను. అనడానికి పట్టిన ఆ అర నిమిషం నాకు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఆదివారాలు వంట ఆయనది, బోళ్ళు నావి. కొన్ని వారాలు తారుమారు చేసుకుంటాం. ఒకసారి అమ్మ వచ్చి ఉన్నప్పుడు అలవాటుగా సింకు దగ్గరికి పోయింది. కూర్చోమన్నాం. కాసేపు ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ తిరిగింది. నన్నెందుకు పక్కన పెడుతున్నారని కొంచెం కోపం కూడా వచ్చింది. ఆపే హక్కు వేరు, ఎవరో ఆపేయడం వేరు. ఆ కోపం న్యాయమైనదే అనిపించి తువ్వాలు ఇచ్చాను. నేను తోముతుంటే ఆమె తుడిచింది. సగంలో, "ఇగ నువ్వే జూస్కో" అని తువ్వాలు నా భుజం మీద వేసి, సంచీలోంచి బొంత తీసుకుని బాల్కనీలో కూర్చుంది.