ఎక్రోనుకు ఎందుకు పోవుదుము?

ధ్యాన భాగములు: 2 రాజులు 1:1-8, హబక్కూకు 1:1-4, 1 కొరింథీ. 8:4-6



2021-22 మిరప పంట సంగతిని గుంటూరు, ప్రకాశం రైతులకు ఎవరును జ్ఞాపకము చేయనక్కరలేదు. పూత మీదనున్న చేలలోనికి నల్ల తామర పురుగు దిగెను. పూవులోనే కాపురముండి రసము పీల్చివేయగా పూత రాలిపోయెను, ఆకు ముడుచుకొనిపోయెను. నీలి అట్టలు, పసుపు అట్టలు కట్టిరి. వేపనూనె కొట్టిరి. దుకాణదారుడు ఏ మందు ఇచ్చిన ఆ మందు కొట్టిరి. కొందరు కన్నీళ్లతో చేలు దున్నివేసిరి. కౌలు రైతు గతి మరియు కనికరమైనది. చేను ఎండినను కౌలు ఎండదు గదా.

ఆ దినములలో మా సంఘస్థుడైన ఒక కౌలు రైతు, బల్లారాధన ఆదివారమునకు ముందటి శనివారము రాత్రి మా యింటికి వచ్చి, అరుగు మీద చాలసేపు ఏమియు మాటలాడక కూర్చుండెను. మూడెకరముల మిరప పోగొట్టుకొనినవాడు. తుదకు, "అయ్యగారూ, నేను పోలేరమ్మకు కోడిని కోశానండి. రేపు బల్ల కాడికి రావచ్చా?" అని అడిగెను.

మేము వెంటనే ఉపదేశము మొదలుపెట్టితిమి. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము చెప్పితిమి, పది ఆజ్ఞలు చెప్పితిమి. అతడు తల ఊపుచు వినెను. అవియన్నియు అతనికి ఆదివారపు బడి నాటినుండి కంఠస్థములే. మేము ముగించిన పిమ్మట అతడు, "దేవుడు ఒక్కడేనని నాకు తెలుసండి. మరి ఒక్కడే అయితే ఆ పురుగుని పంపింది ఎవరండీ?" అనెను.

ఆ రాత్రి మేము అతనికి సరియైన జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి పంపివేసితిమి.

దేవుడు ఒక్కడా, అనేకులా అను వాదము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ కట్టుకొని పోవు మన పొరుగువాని నడిగిన యెడల, దేవుడు ఒక్కడే, రూపములు అనేకములు అనును. మన మహమ్మదీయ స్నేహితుడు, దేవుడు ఒక్కడే, మీరు ముగ్గురిని చేసితిరి అని మనలను ఆక్షేపించును. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో, ఒకప్పుడు బాప్టిస్టు సంఘములో ఉండిన కొన్ని కుటుంబములు బెనె ఎఫ్రాయీము అను పేరు పెట్టుకొని, విశ్రాంతి దినము ఆచరించుచు, ఇశ్రాయేలు దేవుడొక్కడే చాలునని యూదుల మార్గమున నడుచుచున్నారు. రెండు వేల యేండ్ల క్రిందట అమరావతి స్తూపము చుట్టు తిరిగిన బౌద్ధ భిక్షువులు సృష్టికర్తను గూర్చిన ప్రశ్నను ప్రక్కకు పెట్టియే తమ మార్గము నడిచిరి. గోరాగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని విజయవాడకు తెచ్చిరి. ఒకటి, అనేకము, సున్న: అన్ని లెక్కలును మన కృష్ణ ఒడ్డుననే యున్నవి.

అయితే అరుగు మీద కూర్చున్న ఆ రైతు అడిగినది లెక్క కాదు. లెక్క అతనికి వచ్చును.

ప్రియులారా, దేవతలు అనేకులున్న చోట ఒక సౌకర్యము కలదు. ఏ కీడు వచ్చినను దానికి ఒక పేరు, ఒక గుడి, ఒక వెల దొరకును. మన తాతల కాలమున మశూచికము వచ్చిన యెడల పోలేరమ్మకు కోపము వచ్చెననిరి. 1975 తరువాత మన దేశములో మశూచికము లేదు. పోలేరమ్మ మాత్రము ఊరి పొలిమేరను విడిచి పోలేదు. ఆమెకు పంట పని అప్పగించిరి. పొరుగువారిని ఎగతాళి చేయుటకు ఈ మాట వ్రాయుటలేదు. రోగము పోయినను భయము పోలేదని చెప్పుచున్నాము, ఆ భయము మన యిండ్లలోను ఉన్నది. ఒక దేవత కోపించినది, ఒక కోడితో శాంతించును అని నమ్మిన రైతునకు ఆ రాత్రి కొంత నిద్ర పట్టును.

దేవుడు ఒక్కడే అని ఒప్పుకొనిన వానికి అట్టి నిద్ర లేదు. వెలుగును చీకటిని కలుగజేయువాడను నేనే అను భావము యెషయా 45:7లో ఉన్నది. యోవేలు 2:25లో దేవుడు మిడుతలను పసరుపురుగులను తాను పంపిన సైన్యమని చెప్పుకొనుచున్నాడు. ఈ వచనమును మనము కోత పండుగలో చదువము. పోయిన సంవత్సరముల పంటను మరల ఇత్తునను సగము చదివి, సైన్యము పంపితిననిన సగము విడిచిపెట్టుదుము. మేమును ఎన్నోసార్లు అట్లే చేసితిమి. ఒక్క దేవుని నమ్మువానికి నింద వేయుటకు మరియొక దేవత దొరకదు. మొరపెట్టుటకు మరియొక వాకిలియు దొరకదు.

ఇప్పుడు రాజుల రెండవ గ్రంథము మొదటి అధ్యాయమునకు రండు. అహజ్యా మేడ మీదనుండి పడి రోగియై, తాను బ్రదుకునో లేదో విచారించుటకు ఫిలిష్తీయుల పట్టణమైన ఎక్రోనుకు, బయల్జెబూబు నొద్దకు దూతలను పంపెను. ఆ పేరునకు ఈగల ప్రభువని అర్థము. పురుగుల బాధ పడిన మన రైతులకు ఆ దేవత దగ్గరివాడే! ఏలీయా దారిలో ఆ దూతలకు ఎదురై అడిగించిన ప్రశ్న ఏమి? ఇశ్రాయేలులో దేవుడు లేడనియా మీరు అక్కడికి పోవుచున్నారు అని. ఎక్రోను దేవత సత్యమా అసత్యమా అని అతడు అచ్చట వాదింపలేదు. అడుగవలసిన చోట అడుగకపోతివేమి అని మాత్రమే మందలించెను.

ఈ విషయమునకు మన సంఘముల చరిత్రలోనే ఒక సాక్షి యున్నాడు. తాళ్ళకొండపాడు నివాసియైన యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ కులస్థుడు, తోళ్ళ వర్తకుడు. ఆయన క్రీస్తు పేరు వినకముందే వీరమ్మ అను గురువు నొద్ద రాజయోగ బోధ పొంది, దేవుడు ఒక్కడే, ఆత్మయే, విగ్రహము కాదు అని నమ్మియుండెను. అప్పటి మాల మాదిగ పల్లెలలో వ్యాపించిన అట్టి బోధలను గూర్చి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు 1899లో ప్రచురించిన గ్రంథములో విస్తారముగా వ్రాసిరి. కాబట్టి ఒక్క దేవుడను మాట దొరలు ఓడలో తెచ్చి మనకు ఇచ్చినది కాదు. ఆ లెక్క పేరయ్యగారికి ముందే తెలియును. అయినను ఆయన అక్కడ ఆగలేదు. 1866లో ఆయనయు ఆయన భార్యయు బాప్తిస్మము పొందిరి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. ఆ నెలలోనే జాన్ క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు పోయినప్పుడు ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి.

వారికి దొరగారు పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు చిన్నవే. కాని అమ్మవారి జాతరలో డప్పు కొట్టుట వారి వంతు పని. దానినిబట్టియే కళ్ళములో వారికి గింజలు కొలుచుట. డప్పు కొట్టమని చెప్పగానే ఊరి బావి మూతపడెను, కోమటి సరుకు ఇయ్యడాయెను, చాకలి బట్టలు ముట్టడాయెను. దేవుడు ఒక్కడే అను మాటకు వెల ఎంతో వారికి కళ్ళములోనే తెలిసెను. గురువు నొద్ద తెలిసిన దానికి అంత వెల లేకుండెను.

1876-78 కరువులో ఇంకొక సంగతి జరిగెను. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. బాప్తిస్మము కోరి వచ్చిన వారిని మాత్రము పదిహేను నెలల వరకు ఆపివేసిరి. కూటికొరకు వచ్చుచున్నారో క్రీస్తుకొరకు వచ్చుచున్నారో తెలియవలెనని ఆయన యుద్దేశము. కరువు తగ్గిన పిమ్మట, 1878 జూలై 3న, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము ప్రతి వార్షికోత్సవములో చెప్పుకొందుము. ఆ పదిహేను నెలలను గూర్చి చెప్పుకొనము. మా మనస్సునకు సంఖ్యకంటె అవియే గొప్పవి.

ఏలయనగా మనమిప్పుడు ఏమి చేయుచున్నాము? ఫలానా కూటములో ప్రార్థించిన నూనె చేనిలో చల్లిన యెడల పంట పండునని చెప్పు బోధకులు ఉన్నారు. ఆ నూనె సీసాను బైబిలు ప్రక్కన పెట్టుకొనిన యిండ్లును ఉన్నవి. క్వింటాలు మిరప ధర ఎక్కిన యెడల ఇంత కానుక అని మ్రొక్కుకొనువారు ఉన్నారు. పేరు యేసుదే, పద్ధతి ఎక్రోనుది. ఫలమిచ్చు దేవతలలో యేసు మిక్కిలి బలమైన దేవతయని మనము బోధించిన యెడల, ఫలము రాని సంవత్సరము మన వాడు మరియొక గుడికి పోవుటలో వింత యేమున్నది? బోధించినవారము మనమే గదా.

ఇక ఆ రైతు సంగతి. సంఘపెద్దలు కూడినప్పుడు వాదము గట్టిగానే జరిగెను. ఒకరు 1 కొరింథీ. 10:21 తీసి, ప్రభువు బల్లలోను దయ్యముల బల్లలోను పాలుపొందుట కూడదని చదివిరి. అది సరియైన వచనమే; దానిని మేము కొట్టివేయము. మరియొకరు, రిమ్మోను గుడిలో వంగినందుకు క్షమాపణ కోరిన నయమానును ఎలీషా సమాధానముతో పంపలేదా అనిరి. ఆ మాటకు బదులు చెప్పుట మాకు కష్టమాయెను. అప్పుడు ఒక పెద్ద, "అతను కోడి కోసే ముందు మనలో ఎవరైనా ఆ చేను గట్టు మీదికి వెళ్లామా?" అని అడిగెను. ఎవరును పోలేదు. కోత పండుగకు మిరపకాయల బస్తా అడుగుటకు మాత్రము పోయియుంటిమి. మాతోకూడ ఇద్దరు పెద్దలు ఉండిరి. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా నున్నది.

మరునాడు మేము అతని యింటికి పోయితిమి. ఆ రాత్రి చెప్పని జవాబును ఇప్పుడు చెప్పితిమి. "ఎందుకు పంపెనో మాకు తెలియదు. నీ పాపముకొరకు పంపెనని చెప్పము; యోబు స్నేహితులు అట్లు చెప్పియే దేవుని కోపమునకు గురియైరి. సిలోయము గోపురము క్రింద చచ్చినవారు తక్కినవారికంటె పాపులు కారని ప్రభువే చెప్పెను. పంపినవాడు ఎవరని నన్ను అడిగితివి గదా, అదే ప్రశ్న ఆయననే అడుగుము" అంటిమి.

"దేవుణ్ణి అట్లా అడగొచ్చా అండీ?" అనెను.

హబక్కూకు మొదటి అధ్యాయము తీసి చదివి వినిపించితిమి. ప్రవక్త అచ్చట, ఎంతకాలము మొరపెట్టినను నీవు వినవేమి అని దేవునినే నిలదీయుచున్నాడు. అంజూరపు చెట్టు పూయకున్నను ఆనందింతునను మూడవ అధ్యాయమును నష్టపోయిన వాని యింట మొదట చదువుట మా వంటి కాపరులకు అలవాటు. ప్రవక్త మూడవ అధ్యాయమునకు మొదటి అధ్యాయము గుండా నడిచియే వచ్చెను. సిలువమీద మన ప్రభువు ఏల నన్ను విడిచితివని కేక వేసినప్పుడు కూడ తండ్రి నొద్దకే వేసెను. ఆ మధ్యాహ్నము ఆకాశమునుండి జవాబు రాలేదు. ముగ్గురు దేవుళ్ళు అని ఆక్షేపించు మన స్నేహితునికి మేము లెక్కలతో జవాబు చెప్పము. ఆ కేకను చూపింతుము. అది మరియొక వాకిలికి పోలేదు.

ఆ నెల అతడు తానే బల్లకు దూరముగా కూర్చుండెను. మేము ఆపలేదు, పిలువలేదు. శుక్రవారపు ప్రార్థన కూటమునకు మాత్రము వచ్చి, వెనుకటి చాప మీద మోకరించి, సంఘమంతయు వినుచుండగా ప్రార్థించెను: "ప్రభువా, మూడెకరాలు పోయినాయి. అప్పు ఎట్లా తీర్చాలో తెలియదు. ఆ పురుగుని ఎందుకు పంపావు? ఇంకెవరినీ అడగను, నిన్నే అడుగుతున్నా." దానికి ఆమేన్ చెప్పుటకు కూడ కొంత ఆలస్యమాయెను. అటుపిమ్మట 10:21 చదివిన పెద్దయే నోరు తెరచెను. ఆయనకును రెండెకరములు పోయియుండెను. అంతవరకు ఎవరితోను చెప్పలేదు. తన ట్రాక్టరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించిన సంగతి కూడ ఆయన ఆ ప్రార్థనలో ఒప్పుకొనెను.

ఆ రాత్రి దీపము ఆర్పువరకు తొమ్మిదిమంది ప్రార్థించిరి. కృతజ్ఞతా స్తుతి అందులో ఒకటి రెండే, తక్కినవన్నియు ప్రశ్నలు.

మరుసటి నెల బల్లారాధనకు అతడు భార్యతోకూడ వచ్చి రెండవ వరుసలో కూర్చుండెను. అప్పు ఇంకను ఉన్నది. ఆ మూడెకరములలో ఒకటిన్నర మిరపయే మరల నాటెను, తక్కినది శనగ వేసెను. మొన్న మేము గట్టు మీదికి పోయినప్పుడు పూత ప్రారంభమైయుండెను. అతడు ఒక పూవు త్రుంచి, తెల్ల కాగితము మీద దులిపి, పురుగు ఉన్నదేమోయని వెదకుచుండెను.