పంజాబు ఢోల్ వాద్యం: వేతనమా, దానమా?

పంజాబు అనగానే దేశంలో ఏ మూల నివసించేవారికైనా మొదట స్ఫురించేది ఢోల్ ధ్వని. గోధుమ కోతల వేళ వచ్చే వైశాఖీ, పెళ్ళి ఊరేగింపు, గ్రామాల్లో కుస్తీ పోటీలు, సూఫీ దర్గాల ఉరుసులు, ఏ సందర్భానికైనా ఆ ధ్వని లేనిదే నిండుదనం రాదు. ఒక ప్రాంతం తన గుర్తుగా చెప్పుకునే నాదాన్ని పుట్టించే మనిషికి ఆ సమాజం ఏమి బాకీపడి ఉన్నది? అతనికి ముట్టేది వేతనమా, దానమా?

ఢోల్ పీపా ఆకారంలో ఉండే రెండు ముఖాల వాద్యం. చెక్కను తొలిచి, మేకతోలు బిగించి దీనిని తయారుచేస్తారు. మెడకు తగిలించుకొని, వంకర తిరిగిన లావుపాటి 'డగ్గా'తో మంద్రముఖాన్ని, సన్నని 'తీలీ'తో రెండవ ముఖాన్ని వాయిస్తారు. ఇంత బరువు మోస్తూ గంటల తరబడి నిలబడి చేసే ఈ పని తరతరాలుగా మిరాసీ, భరాయీ, బాజీగర్ వంటి కులాల పాలబడింది. 1947 దేశవిభజనలో ముస్లిం వాద్యకారులు అధికంగా పాకిస్తాన్‌కు తరలిపోగా, భారత పంజాబులో ఈ భారాన్ని ప్రధానంగా బాజీగర్లు స్వీకరించారు. దొమ్మరాటను పోలిన సాహస విద్యలు వీరి పూర్వవృత్తి. నేడు వీరు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. 1950వ దశకంలో పాటియాలా ప్రాంతంలో రూపొందిన రంగస్థల భాంగ్రాకు తాళాలు సమకూర్చినవారిలో భానారామ్ సునామీ అనే బాజీగర్ ముఖ్యుడు. చలనచిత్రాలలోనూ, జాతీయ ఉత్సవాలలోనూ దేశం మెచ్చిన ఆ నృత్యానికి ప్రాణం పోసినవి ఇటువంటి చేతులే.

పెళ్ళిళ్ళలో 'వేల్' అనే ఆచారమున్నది. నర్తించేవారి తల చుట్టూ నోటు తిప్పి వాద్యకారునికి అందిస్తారు. సంతోషం కొద్దీ ఇచ్చేదానిని తప్పు పట్టనక్కరలేదు. కాని జీవిక అంతా దానిమీదే ఆధారపడినప్పుడు కళాకారుడు తన హక్కును ఇతరుల ఉల్లాసం నుండి యాచించవలసి వస్తుంది. పూర్వం గ్రామంలో పంట నుండి కొంత ధాన్యం ముట్టేది. ఆ ఏర్పాటు అవమానంతో కూడినదే అయినా తిండికి భరోసా ఇచ్చేది. ఇప్పుడు భరోసా పోయింది, అవమానం మాత్రం పూర్తిగా పోలేదు. పందిళ్ళలో రికార్డు సంగీతం వినిపించే డి.జె.లు వచ్చారు. ముహూర్తాల కాలం ముగిస్తే పని ఉండదు. 2020లో లాక్‌డౌన్ వల్ల వివాహాలు ఆగిపోయినప్పుడు ఈ వృత్తి ఎంత నిరాధారమో తేటతెల్లమైంది. సరిహద్దుకు ఆవల, లాహోర్‌లోని షా జమాల్ దర్గాలో గురువారం రాత్రుల వాదనతో విదేశాలలోనూ ఖ్యాతి గడించిన పప్పూ సాయిన్ 2021లో కన్నుమూశారు. అటువంటి కీర్తి దక్కేది ఏ ఒక్కరికో.

ఇక 'సంప్రదాయాన్ని కాపాడాలి' అన్న మాట. ఎవరు కాపాడాలి? ఢోలీ కుమారుడు చదువుకొని ఉపాధ్యాయుడైతే కళకు నష్టమని విచారించేవారు తమ పిల్లల చేతికి డగ్గా ఇవ్వరు. పుట్టుకతో వృత్తిని ముడిపెట్టే పాత కట్టడిని సంస్కృతి పేరుతో తిరిగి విధించడం అన్యాయం. అయితే కుస్తీకి, ఝూమర్‌కు, లుడ్డీకి వేర్వేరుగా ఉన్న తాళాలు గురుముఖతః నేర్చినవారి వద్దనే నిలిచాయన్నదీ నిజమే. బ్రిటన్, కెనడాలలో పంజాబీ యువతీయువకులు కులంతో నిమిత్తం లేకుండా, రుసుము చెల్లించి ఢోల్ నేర్చుకుంటున్నారు. ఇది శుభపరిణామం. అక్కడ రుసుముకు తగిన విద్య ఇక్కడ బేరానికి దిగవలసిన సేవ ఎందుకవుతున్నది? భాంగ్రా బృందాలకు తాళం నేర్పే ఉస్తాదుకు బోధకుని హోదా, వృద్ధాప్యంలో పింఛను ఇవ్వడం దయాధర్మం కాదు. పెళ్ళివారు భోజనాల ఖర్చు, బాణాసంచా ఖర్చు ముందుగానే లెక్క వ్రాసుకుంటారు. ఢోలీ పేరు ఎదుట అంకె కూడా ఆనాడే వ్రాయవచ్చు.