బేతాళుడు అడిగిన ధర్మం

మద్రాసు నుంచి 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామలో 1950ల నడుమ నుంచి నెలనెలా ఒక బేతాళ కథ వచ్చేది. భుజాన శవం, చేత కత్తి, శ్మశానంలో నడిచే రాజు: శంకర్ గీసిన ఆ బొమ్మ కనిపిస్తే చాలు, పిల్లలు మిగతా పేజీలు వదిలేసి అక్కడే ఆగేవారు. పిల్లల కోసం తెప్పించిన పుస్తకాన్ని పెద్దలూ చదివేవారు.

ఇలాంటి చదువును కాలక్షేపం కింద కొట్టిపారేసే విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది అన్యాయం. ధర్మాన్ని తేల్చేది ఎవరు, శాస్త్రమా, దేవుడా, మనిషి బుద్ధా అన్న పెద్ద ప్రశ్నను ఆ రోజుల్లో సామాన్య పాఠకుడి ఇంటికి తెచ్చింది ఈ కథలే.

ఈ కథలకు మూలమైన కథాసరిత్సాగరంలోని మందారవతి కథనే చూడండి. ఆమెను కోరిన యువకులు ముగ్గురు. పెళ్లి కాకుండానే ఆమె చనిపోయింది. ఒకడు చితాభస్మం మీదే పడుకున్నాడు. ఇంకొకడు అస్థికలు గంగకు తీసుకుపోయాడు. మూడోవాడు దేశాలు తిరిగి మృతసంజీవని మంత్రం నేర్చుకొచ్చి ఆమెను బతికించాడు. మరి భర్త ఎవరని శవంలోని బేతాళుడు రాజును అడుగుతాడు. ప్రాణం పోసినవాడు తండ్రి, అస్థికలు కలిపినవాడు కొడుకు, బూడిదను కావలించుకుని ఉన్నవాడే భర్త అంటాడు రాజు. ఈ తీర్పు చెప్పడానికి ఏ దేవుడూ దిగిరాడు. ఎవరు చేసిన పని ఏ బంధానికి చెందుతుందో రాజు తర్కించి తేలుస్తాడు. నచ్చనివాళ్లు వాదించవచ్చు, ప్రాణం పోసినవాడికే హక్కు అనేవాళ్లు ఏ ఇంట్లోనైనా ఉంటారు.

పదకొండో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన మూల బేతాళ కథలు పాతిక. నెలనెలా వేసే పత్రికకు పాతిక ఎన్నాళ్లు వస్తాయి? అందుకే కొత్తవి పుట్టాయి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు. దయ్యాల్ని నమ్మని మనిషి దయ్యం నోట ధర్మసందేహాలు పలికించడంలో వైరుధ్యమేమీ లేదు. ఆ కథలు పాఠకుణ్ణి నమ్మమని అడగవు, ఆలోచించమని అడుగుతాయి.

బేతాళుడి షరతు మరీ లోతైనది. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది, పడ్డ శ్రమంతా వృథా. నష్టమని తెలిసినా తెలిసిన నిజం చెప్పి తీరాలి. పత్రికలో ఇది ఏళ్ల తరబడి ఇలాగే సాగింది.

పాత సంకలనంలో మాత్రం చివరి ప్రశ్న వేరుగా ఉంటుంది. తండ్రీ కొడుకులు అడవిలో ఇద్దరు స్త్రీల అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాల ఆమెను తండ్రి, చిన్న పాదాల ఆమెను కొడుకు పెళ్లాడాలనుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి. అన్న మాట ప్రకారమే పెళ్లిళ్లు జరుగుతాయి. వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని బేతాళుడు అడుగుతాడు. రాజుకు నిజంగానే తెలియదు, మాట్లాడకుండా నడుస్తాడు. ఆ మౌనానికి మెచ్చిన బేతాళుడు, శవం తెమ్మన్న భిక్షువు రాజునే బలివ్వాలని చూస్తున్నాడని బయటపెడతాడు.